ఆరు సీసాల లెక్క

ఇదివరకు మా అవ్వ గురించి రాసినప్పుడు ఒక సంగతి కావాలనే వదిలేసినాం. మా ఇంటి గడప లోపలికి సీసా రాకూడదని ఆమె పెట్టిన కట్టడి సంగతి అది. ఇప్పుడు రాసుకోండి అని ఆమే అన్నది కాబట్టి రాస్తున్నాం. మేము అంటే మొగుడూ పెండ్లామూ ఇద్దరం. ఒకరు చెప్తా ఉంటే ఒకరు టైపు చేస్తారు, నడుమ కొట్లాడుకుంటాం. అవ్వ మాలో ఒకరికి కన్నతల్లి, ఇంకొకరికి అత్త. పిల్లలు పిలిచినట్టే అందరమూ అవ్వ అనే అంటాం.

మాది ఒసూరు పక్కన పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో అరవం, సంతలో కన్నడం. ఇరవై ఏళ్ళుగా చందాపురలో ఉన్నాం, అటు బెంగళూరు, ఇటు ఒసూరు. రాజాజీ ప్రభుత్వం 1937 అక్టోబరులో మద్యనిషేధాన్ని మొదట అమలు పెట్టింది సేలం జిల్లాలో. ఒసూరు తాలూకా అప్పట్లో ఆ జిల్లాలోదే. అవ్వ పుట్టింది కూడా ఆ ఏడే. "నేను పుట్టినాను, కల్లంగడి మూసినారు" అని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటుంది. అంగడి మూస్తే తాగుడు మూతబడుతుందా? జూజువాడి దాటితే రాజ్యం వేరు, చట్టం వేరు. అత్తిబెలె దాకా పోయి తాగొచ్చేవాళ్ళు మా తాతల కాలం నుంచీ ఉన్నారు. ఆ దోవనే మా చిన్నాయన కూడా పోయినాడు. పిల్లలకు చిన్నాయన, మాకు తమ్ముడూ మరిదీ.

మొదట ప్యాకెట్ సారాయి. చేతిలో రొంత డబ్బు ఆడినాక క్వార్టరు బ్రాందీ. తాగతా ఉండగా ఇంట్లో ఎవరూ చూసింది లేదు. అందరికీ తెలుసు, ఎవరూ అనరు. 1999లో కాలేయం చెడి పోయినాడు, ముప్పైమూడేళ్ళకే. దినాలు అయినాక వామి విప్పితే గడ్డిలో నుంచి ఖాళీ క్వార్టరు సీసాలు ఒక్కొక్కటే రాలినాయి. అవ్వ పక్కన నిలబడి లెక్కపెట్టింది. నూటపద్నాలుగు. ఆ రోజు ఆమె ఏడవలేదు. గడప లోపలికి ఇంగ సీసా రాకూడదు అన్నది, అంతే.

ఆ మాట మేము ఇరవై అయిదేళ్ళు తప్పలేదు. గడప లోపల తప్పలేదు అనాలి. మాలో ఒకరు ఫ్యాక్టరీ పార్టీల్లో గ్లాసు పట్టుకున్నదీ ఉంది, ఇంటికొచ్చే ముందు జామాకు నమిలిందీ ఉంది. ఇంకొకరు ఆ జామాకు వాసన పసిగట్టి ఊరకున్నదీ ఉంది. అంటే మాదీ వామిలో సీసా దాచే ఇల్లే. వామి చిన్నది, అంతే.

పోయిన ఏడు మార్చి కడాన బెల్జియంలోని లూవెన్‌కు పోయినాం. మా అమ్మాయి అక్కడ ఐమెక్‌లో చిప్పుల మీద పరిశోధన చేస్తుంది. అల్లుడిది కోయంబత్తూరు. వాళ్ళవాళ్ళూ మా మాదిరే ఎప్పుడో ఇటు వచ్చిన తెలుగువాళ్ళు. నెమ్మదస్థుడు. మేము దిగిన రెండో రోజు పొద్దున బాల్కనీ తలుపు తీస్తే మూలన ఏదో పెట్టె, పైన పాత దుప్పటి కప్పి ఉంది. దుప్పటి ఎత్తినాం. ఇరవై నాలుగు గళ్ళ ప్లాస్టిక్ పెట్టె. గళ్ళల్లో పద్దెనిమిది ఖాళీ బీరు సీసాలు. ఒకదాని మాదిరి ఒకటి లేదు. దుప్పటి మళ్ళీ కప్పేసి లోపలికి వచ్చినాం. ఇద్దరికీ కండ్ల ముందు వామే.

రెండు రోజులు ఎవరూ మాట్లాడలేదు. ఇల్లంతా కాఫీ, వాతావరణం, విమానం సంగతులే. మూడో రోజు అమ్మాయే బయటపడింది. "అమ్మా, అవి దాచినవి కాదు, అంగట్లో వాపసు ఇచ్చేవి. దుప్పటి మాత్రం మీరు వస్తున్నారనే కప్పినాం." తప్పు చేసినట్టు కాదు, అలిసిపోయినట్టు చెప్పింది. చిన్నాయన పోయినప్పుడు ఆ పిల్లకు తొమ్మిదేళ్ళు. వామి దగ్గర అది కూడా నిలబడే ఉంది.

శనివారం అల్లుడితో కలిసి పెట్టె మోసుకుని సూపర్‌మార్కెట్‌కు పోయినాం. గోడకు ఒక యంత్రం ఉంది, గుండ్రని కంత. సీసా పెడితే లోపలికి లాక్కుంటుంది. మామూలు చిన్న సీసాకు పది సెంట్లు. కొనేటప్పుడే ధరకు మీద ఆ పది సెంట్లు కట్టించుకుంటారు, ఇప్పుడు తిరిగి ఇస్తారు. మా పద్దెనిమిదికి ఒక యూరో ఎనభై సెంట్ల చీటీ వచ్చింది. మా వెనకాల వరసలో చేతికర్ర పట్టుకున్న ముసలాయన, ఉయ్యాల బండిలో పాపను తోసుకొచ్చిన తల్లి, కాలేజీ పిల్లలు. పట్టపగలు, అందరి చేతుల్లో ఖాళీ సీసాలు. మా ఇద్దరికీ నోట మాట రాలేదు. అక్కడ తాగి చెడిపోయేవాళ్ళు లేరని మేము అనడం లేదు. రాత్రి పూట పాత సంత మైదానంలో, వరసగా బార్లు ఉండే చోట, ఎట్లుంటుందో చూసినాం. కానీ ఆ యంత్రం ముందు వరసను మాత్రం మరిచిపోలేం.

ఖాళీ పెట్టెతో బీర్ల వరస దగ్గరికి పోతే తల తిరిగింది. మాకు తెలిసిన బీరు ఒకటే. పచ్చగా, చల్లగా, చేదుగా, ఆరువందల యాభై మిల్లీలీటర్లది. లూవెన్‌లో పుట్టిన స్టెల్లా ఆర్ట్వా కూడా ఆ జాతిదే, లాగర్. అక్కడివాళ్ళు కూడా ఎక్కువగా అట్లాంటిదే తాగుతారు. కానీ దాని పక్కన నల్లటివి, ఎర్రటివి, మబ్బు రంగువి, పులుపువి, షాంపేను మాదిరి కార్కు బిరడా వేసినవి నిలబడి ఉన్నాయి. అల్లుడు ఊరగాయలతో చెప్పినాడు. "మామా, మాగాయ ఉంది, నిమ్మకాయ ఉంది, ఉసిరికాయ ఉంది. అన్నీ ఊరగాయలే. కానీ ఒకదాని బదులు ఒకటి వేసుకుంటామా?" మాకు అర్థమైన భాషలో చెప్పినాడు కాబట్టి అక్కడే ఒప్పందం అయిపోయింది. వారానికి ఒక్క శనివారం. ఒక రకం. నలుగురికీ కలిపి రెండు సీసాలు. అన్నం తింటూ, బల్ల దగ్గరే. దాచడం లేదు, జామాకు లేదు.

మొదటి వారం మబ్బు రంగుది. విట్ అంటారు, తెల్ల బీరు అని. మొలకెత్తించిన బార్లీతో పాటు పచ్చి గోధుమ వేస్తారు, అందుకే అట్ల మబ్బుగా ఉంటుంది. ఒక గుక్క తాగి మాలో వంటమనిషి గ్లాసు కింద పెట్టింది. "ఇదేంది, దనియాల వాసన?" నిజంగానే దనియాలు. నారింజ తొక్క, దనియాలు వేసి కాస్తారు. చారుకు వేసే సరుకు బీరులో ఎందుకుందో తెలుసుకోవాలని ఆ ఊరికే పోయినాం. హూగార్డెన్, లూవెన్‌కు ఇరవై పాతిక కిలోమీటర్లు, చిన్న ఊరు. ఒకప్పుడు ఆ ఊర్లో ఈ బీరు కాచేవాళ్ళు చాలామంది ఉండేవాళ్ళంట. లాగర్ వచ్చి ఒక్కొక్కటీ మూతబడి, 1950లలో కడాపటిది కూడా పోయింది. పీర్ సెలిస్ అని ఒక పాలాయన, చిన్నప్పుడు పక్కింటి బట్టీలో చేసాయం చేసినవాడు, 1966లో మళ్ళీ మొదలుపెట్టినాడు. 1985లో బట్టీ కాలిపోయింది. నిలబెట్టడానికి పెద్ద కంపెనీ డబ్బు తీసుకున్నాడు, కడాన బట్టీ ఆ కంపెనీ చేతికే పోయింది. ఆయన టెక్సాస్ పోయి అక్కడ ఇంకొకటి పెట్టినాడు. ఈ రోజు మన బెంగళూరు పబ్బుల్లో విట్ అని కాచేదంతా ఆ పాలాయన నిలబెట్టిన రకమే. అచ్చం మన ఊర్లలో తెలుగు నిలబడినట్టే, ఎవరో ఒకరికి మనసు ఒప్పుకోక. అయిదు శాతం లోపే ఉంటుంది, వేపుడు చేపకు బాగుంటుంది. అందులో నిమ్మకాయ ముక్క వేసి ఇస్తే మాత్రం తీసి పక్కన పెట్టండి. చేసినాయన అప్పుడే వేయాల్సిందంతా వేసి పంపినాడు.

తరవాతి వారం డుబెల్. వెస్ట్‌మాలె అనే మఠంలో కాచింది. మఠం అంటే నిజంగానే సన్యాసులు ఉండే మఠం. ట్రాపిస్ట్ అనే ఆరు మూలల ముద్ర ఉంటే అది మఠం గోడల లోపల, సన్యాసుల కనుసన్నల్లో కాచిందనీ, లాభం మఠం ఖర్చుకూ దానధర్మాలకూ పోతుందనీ అర్థం. డుబెల్ నల్లెరుపు, ఏడు శాతం. ఖర్జూరం, ఎండుద్రాక్ష, ముదిరిన బెల్లం పాకం. ఆ రుచి దాంట్లో వేసే నల్ల చక్కెర పాకం వల్ల వస్తుంది. హూగార్డెన్ పోయే దోవలో తీనెన్ ఊర్లో ఆ చక్కెర తీసే బీట్ దుంపల ఫ్యాక్టరీ చూసినాం. ఆ రోజు అమ్మాయి రాగిసంగటి కెలికి, మటన్ పులుసు చేసింది. ఫ్రిజ్‌లో నుంచి తీసి ఇరవై నిముషాలు బయట పెట్టి పోసుకున్నాం. మరీ చల్లగా తాగితే పాకం రుచి నాలుకకు అందదు. సంగటి ముద్ద, పులుసు, ఒక గుక్క. ఇట్లాంటి జోడీ ఇంతకాలం ఎందుకు కలవలేదా అనిపించింది. మాలో ఎప్పుడూ తాగనామె ఆ రోజు తన గ్లాసు తనే కడుక్కుంది, ఇంకెవరికీ ఇవ్వకుండా.

మూడో వారం తప్పు చేసినాం. అదే మఠం వాళ్ళ ట్రిపెల్. లేత బంగారు రంగు, పైన తెల్ల నురగ, చూస్తే మన లాగర్ మాదిరే సాధువు. తొమ్మిదిన్నర శాతం. ఆ చిన్న సీసాలో ఉండే సారం స్టెల్లా సీసాలో ఉండేదానికి దాదాపు రెండింతలు. పాకం బదులు తెల్ల చక్కెర వేస్తారు కాబట్టి ఒళ్ళు తేలికగా ఉంటుంది, బలం తెలియదు. పైగా ఆ రోజు బిరియానీ. కారం మీద బలమైన బీరు పోస్తే నోరు ఇంకా మండుతుంది, మంటకు ఇంకొక గుక్క తాగుతాం. రెండు సీసాల ఒప్పందం మూడైంది, నాలుగైంది. మాలో మగమనిషి ఉన్నట్టుండి మాట్లాడడం మొదలుపెట్టినాడు. చిన్నాయన గురించి. ఆస్పత్రిలో కడాపటి వారం వాడు అడిగింది ఏమిటో, అవ్వకు తెలియకుండా తను తెచ్చి ఇచ్చింది ఏమిటో. ఇరవై అయిదేళ్ళు పెండ్లానికి కూడా చెప్పని మాట కొత్త అల్లుడి ముందు చెప్పి, బల్ల మీద తల పెట్టి ఏడ్చినాడు. అమ్మాయి లేచి పోయి కిటికీ దగ్గర నిలబడింది. అల్లుడు మాత్రం కదలలేదు. "మా తాత కూడా అట్లే పోయినాడు మామా. మా ఇంట్లో ఆయన ఫొటో కూడా పెట్టరు" అన్నాడు.

పొద్దున లేచి ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూడలేకపోయినాం. ఇంగ వద్దు, ఈ ఆట చాలు అనుకున్నాం. అమ్మాయి కాఫీ పెట్టిస్తూ ఒక సంగతి చెప్పింది. ట్రిపెల్ కాచే ఆ మఠంలో సన్యాసులు రోజూ తాగేది ట్రిపెల్ కాదు. వాళ్ళ కోసం ఎక్స్‌ట్రా అని ఒకటి వేరే కాచుకుంటారు, అయిదు శాతం కూడా ఉండదు. చాలా కాలం దాన్ని బయట అమ్మలేదు కూడా. "కాచేవాళ్ళకు తెలుసు నాయనా, ఏది ఎంత తాగాలో. మనకు ఎవరూ చెప్పలేదు. వద్దు అన్నారు, లేకపోతే వామిలో దాచినారు. నడుమ ఏముందో ఎవరు చూపించినారు?" దానికి మా దగ్గర జవాబు లేదు.

చట్టం సంగతి కూడా ఆ వారమే తెలిసింది. మా ఒసూరికి 1937 ఉన్నట్టే బెల్జియంకు 1919 ఉంది. వాండర్‌వెల్డె అనే సోషలిస్టు మంత్రి, కూలివాళ్ళు సారా తాగి చెడిపోతున్నారని కెఫేల్లో సారా జాతివి పోయడం నిషేధించినాడు. అంగట్లో కొనాలంటే ఒకేసారి రెండు లీటర్లు కొనాలి, అంత డబ్బు కూలివాడి దగ్గర ఉండదని లెక్క. ఆ చట్టం 1980ల దాకా ఉంది. సారా పోయిన చోట బలమైన బీర్లు పెరిగినాయని అక్కడివాళ్ళు అంటారు. మూస్తే ఏదో ఒక కంత నుంచి వస్తుంది. మాకు అత్తిబెలె, వాళ్ళకు తొమ్మిది శాతం బీరు. పక్కింటి ముసలామె ఇంకొకటి చెప్పింది. ఆమె చిన్నప్పుడు మధ్యాహ్నం అన్నంతో పిల్లలకు కూడా బల్ల బీరు పోసేవాళ్ళంట, ఒకటి రెండు శాతంది, కొన్ని బడుల్లో కూడా. ఇది మంచిదని మేము అనం, పిల్లలకు మజ్జిగ చాలు. కానీ ఆ ముసలామె బీరు గురించి మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించలేదు. మా ఇండ్లలో ఆ మాట వస్తే అందరి గొంతూ తగ్గుతుంది.

రెండు వారాలు ఏదీ తేలేదు. మళ్ళీ మొదలుపెట్టింది మాలో ఆడమనిషి. పులుపు బీరు ఉందంట కదా, చూద్దాం అన్నది. లూవెన్ నుంచి బ్రస్సెల్స్ రైల్లో అరగంట కూడా పట్టదు. అక్కడ కాంటియాన్ అని 1900 నుంచి నడుస్తున్న బట్టీ ఉంది. లాంబిక్ అనే రకం కాస్తారు. ఉడికించిన రసాన్ని అటక మీద వెడల్పాటి రాగి తొట్టిలో పోసి రాత్రంతా వదిలేస్తారు. పులియబెట్టే ఈస్ట్ ఏదీ వేయరు. గాలిలో ఉండేదే వచ్చి పడుతుంది. చలికాలంలోనే కాస్తారు, ఎండలు ముదిరితే చెడ్డ క్రిములు ఎక్కువ. తరవాత చెక్క పీపాల్లో ఏండ్ల తరబడి ఉంచుతారు. ఒక ఏడుది, రెండేండ్లది, మూడేండ్లది కలిపి సీసాలో పోస్తే గూజ్. పుల్ల చెర్రీలు వేస్తే క్రీక్. ఆ అటకలో సాలెగూళ్ళు దులపరు, సాలీళ్ళు పురుగులను పడతాయని. అవ్వ చూసి ఉంటే ముందు చీపురు అడిగేది. కానీ మాకు అదంతా కొత్తగా అనిపించలేదు. ఇడ్లీ పిండిలో ఎవరు ఈస్ట్ వేస్తున్నారు? ఈతచెట్టుకు కట్టిన కుండలో ఎవరు వేసినారు? గూజ్ మొదటి గుక్కకు మగమనిషి ముఖం ముడుచుకుంది. ఆడమనిషి మాత్రం చింతకాయ కొరికినట్టు చప్పరించి ఇంకొక గుక్క తాగింది. తాగడం కంటే నాకడం ఎక్కువ అన్నట్టు తాగాలి దీన్ని. ఒక గ్లాసు గంట వస్తుంది. మా ఇంటికి సరిపోయే గుణం అదే అనిపించింది.

ఆ తరవాత మేము బీరును వెతికే పద్ధతి మారింది. రుచి ఒకటే కాదు, ఎంత నెమ్మదిగా తాగనిస్తుంది అని కూడా చూసినాం. చూడడానికి కొంచెం నేర్చుకోవాలి. చీటీ మీద శాతం చదవాలి, ఏడు దాటితే మాకు వద్దు. సీసా అడుగున మడ్డి ఉంటుంది, అది చెడిపోయింది కాదు, సీసాలోనే ఇంకొకసారి పులిసిన ఈస్ట్. నిలబెట్టి ఉంచి, గ్లాసు వంచి మెల్లగా పోసి, అడుగున వేలెడు వదిలేస్తే సరి. వేలాడే దీపం కింద వరసగా పెట్టిన సీసాలు కొనకూడదు, వెలుగు తగిలితే బీరు కంపు కొడుతుంది. ఒక్కో బీరుకు ఒక్కో గ్లాసు అని వాళ్ళు అంటారు. అమ్మాయి ఇంట్లో నాలుగు రకాల గ్లాసులు నాలుగు, అందరమూ వంతులేసుకున్నాం. రుచి పెద్దగా మారలేదు గానీ, గ్లాసు కోసం కొట్లాట బాగుండేది.

జూన్ మొదట్లో తిరుగుప్రయాణం దగ్గరపడింది. అల్లుడు మెల్లగా అడిగినాడు, ఇంటికి కొన్ని తీసుకుపోతారా అని. భారతదేశంలోకి సుంకం లేకుండా మనిషికి రెండు లీటర్లు. చిన్న సీసా ముప్పైమూడు సెంటీలీటర్లు. ఆరు సీసాలైతే నూటతొంభై ఎనిమిది. అమ్మాయి వేళ్ళ మీద లెక్కేసి నవ్వింది, వాండర్‌వెల్డె కూడా రెండు లీటర్లే అన్నాడు కదా అని. ఇద్దరి పేరున పన్నెండు తేవచ్చు. ఆరు చాలనుకున్నాం. అసలు ఆరైనా గడప దాటించగలమా అన్నది వేరే మాట.

ఏ ఆరు అన్నదానికి వారం పట్టింది. గూజ్ మొదటి పేరు, కానీ మాకు నచ్చినది ముప్పైఏడున్నర సెంటీలీటర్ల సీసాలో ఉంది. అది పెడితే ఆరు సీసాలకు రెండున్నర సెంటీలీటర్లు ఎక్కువవుతాయి. ఇద్దరి సామాను కదా, కలిపితే సరిపోతుంది అని అల్లుడు అన్నాడు గానీ, మాలో ఒకరికి లెక్క అంటే లెక్కే. దాని బదులు రోడెన్‌బాక్ గ్రాండ్ క్రూ ఒకటి. ఎర్రటి పులుపు బీరు, పెద్ద పెద్ద చెక్క పీపాల్లో ఊరింది, ఆరు శాతం. సైసన్ ద్యుపాన్ ఒకటి. పల్లె బీరు, పొలం కూలీల కోసం కాచే రకం నుంచి వచ్చిందంటారు, ఇప్పుడు ఆరున్నర శాతం. పొడిగా, మిరియం ఘాటుతో, మన పప్పూ వేపుడుకు సరిపోయేది. విట్ వద్దనుకున్నాం, అది తాజాగా ఉంటేనే బాగుంటుంది, బెంగళూరులో దొరుకుతుంది కూడా. డుబెల్ రెండు, సంగటి కోసం. ట్రిపెల్ లేదు. దాని గురించి ఎవరూ అడగలేదు.

మిగిలిన రెండూ ఓర్వాల్. ఇదీ మఠం బీరే, పొట్టి మెడ, బుజాలు జారిన సీసా. ఆరు శాతం పైన కొంచెం. సీసాలో పోసేటప్పుడు బ్రెట్ అనే అడవి జాతి ఈస్ట్ కలుపుతారు, అది సీసాలోపల నెలల తరబడి పని చేస్తా ఉంటుంది. చీటీ మీద పోసిన తేదీ ఉంటుంది. తాజాది చేదుగా, పూల వాసనగా ఉంటుంది. ఆరు నెలలు దాటినది వేరే బీరు. అల్లుడు ఒక పాతది తెరిచి ఇచ్చినప్పుడు మగమనిషి వాసన చూసి గ్లాసు పట్టుకుని చాలాసేపు అట్లే ఉండిపోయినాడు. ఎండుగడ్డి వాసన, పశువుల కొట్టం వాసన. అందరం అదే అనుకున్నాం, ఎవరూ అనలేదు. అయినా రెండు కావాలి అన్నాడు.

మేజోళ్ళలో దూర్చి, చీరల నడుమ చుట్టి తెచ్చినాం. ఒక్కటీ పగలలేదు. ఒసూర్లో కూతురింట్లో ఉన్న అవ్వను పిలుచుకొచ్చిన రోజే చెప్పేసినాం. పెట్టె ఇంకా కారు డిక్కీలోనే ఉంది. పడసాలలో ఆమె కుర్చీలో, మేము కింద. బాల్కనీలో దుప్పటి నుంచి ట్రిపెల్ రాత్రి దాకా అంతా. ఆస్పత్రిలో బిడ్డకు కొడుకు తెచ్చి ఇచ్చినదేమిటో కూడా. అవ్వ వింటా ఉండిపోయింది. కడాన అన్నది: "నాకు తెల్సురా. వాసన రాదా?" అంతసేపు మేము భయపడింది ఆ సంగతికే. ఇరవై అయిదేళ్ళుగా ఆమెకు తెలుసు.

తరవాత, తీసుకురా చూద్దాం అన్నది. మగమనిషి పెట్టె పట్టుకుని గడప ముందర ఆగిపోయినాడు. "ఎవురు తాగుతారు?" అడిగింది. ఇద్దరం అన్నాం. "ఒంటిగా?" లేదు, అన్నంతో, ఇద్దరం కలిసి, శనివారం. "ఖాళీవి ఏం చేస్తారు?" ఆ ప్రశ్న మేము అనుకోలేదు. అక్కడైతే యంత్రంలో వేస్తే పది సెంట్లు ఇస్తారని చెప్పినాం. ఇక్కడ పాతసామాన్లవాడికి వేస్తాం అన్నాం. "వద్దు. ఖాళీవి కూడా ఈడే పెట్టండి, నాకు కనపడేటట్టు" అన్నది. అంతే, దాటినాం.

ఊరగాయ జాడీల పక్కన, చీకటి మూల, నిలబెట్టి పెట్టినాం. మొదటి డుబెల్ సంగటితో అయింది. సైసన్ దసరాకు అయింది, మిరియం ఘాటు మా చెనిక్కాయల పొడికి బాగా కుదిరింది. నవంబరులో ఓర్వాల్ ఒకటి తెరిచినప్పుడు అవ్వ పక్కనే కూర్చోనుంది. ఇటు ఇయ్యి అని గ్లాసు తీసుకుంది. తాగలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని, "వామి వాసనొస్తా ఉంది" అన్నది. ఇంగేమీ అనలేదు. కాసేపటికి గ్లాసు తిరిగి ఇచ్చి, వాడు చిన్నప్పుడు వామి మీదెక్కి ఎట్ల జారేవాడో, పంచె చింపుకుని ఎట్ల వచ్చేవాడో చెప్పింది. వాడి చావు కాకుండా వాడి గురించి ఆమె మాట్లాడడం మేము వినింది అదే మొదలు. ఆ రోజు చాలాసేపు కూర్చున్నాం. ఒక సీసా ఇద్దరికి రెండు గంటలు వచ్చింది.

రెండో ఓర్వాల్ సంక్రాంతికి పిల్లలు వచ్చినప్పుడు. రోడెన్‌బాక్ ఎప్పుడో ఇంకా తేల్చలేదు, చేపల పులుసుతో అని ఒకరు, ఊరికే అని ఒకరు. అవ్వ మాత్రం రోజూ పొద్దున కాఫీ తాగినాక చేతికర్ర పట్టుకుని ఆ మూలకు పోయి లెక్కపెట్టి వస్తుంది. నిన్న కూడా పెట్టింది. మూడు నిండువి, మూడు ఖాళీవి. ఆరు ఉండాయి అని వచ్చి కూర్చుంది.